ఆషాఢంలో తెరుచుకున్న తలుపు

నేను ఒక పాత కంప్యూటర్ని. మొదట భీమవరంలో ఒక కాలేజీలో ఉన్నాను. అక్కడి పిల్లలు నాతో చదివిందానికన్నా ఆడిందే ఎక్కువ. తర్వాత జిరాక్సు షాపులో ఊరందరి దరఖాస్తులూ నింపాను. ఆఖరికి నరసాపురం దగ్గర లేసు అల్లే ఆడవాళ్ళ సంఘానికి చేరాను. వచ్చిన రోజే నాకు బొట్టు పెట్టి, తెల్లటి లేసు ముసుగు కప్పారు. అంత మర్యాద కాలేజీలో ఎరగను.

సంఘానికి ఒక వెబ్‌సైటు ఉంది. అందులో కొత్త అల్లిక ఫొటో ఎక్కించాలంటే అడ్మిన్ లాగిన్ పేజీ తెరవాలి. సైటు తయారుచేసిన ఆయన దగ్గరా, నా మీదా తప్ప ఆ పేజీ ఇంకెక్కడా తెరుచుకోదు. జులై మొదట్లో ఒక పొద్దున అది నా మీద కూడా తెరుచుకోవడం మానేసింది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీలో చేతిపనుల ప్రదర్శన పెట్టేవాళ్ళు, ఆ సాయంత్రం ఐదింటికల్లా సైటులో కనిపించినవాటిలోంచే ఎంచుకుంటామన్నారు. పల్లాలమ్మ ఏడు నెలలు అల్లిన మంచం దుప్పటి ఇంకా ఎక్కలేదు. ముప్పై ఏళ్ళుగా ఆమె అల్లినవి ఎవరెవరి పేర్లతోనో అమ్ముడయ్యాయి. దీని కింద మొదటిసారి ఆమె పేరే ఉండాలి. భర్త పోయాక, యాభై రెండో ఏట అక్షరాలు దిద్దిన మనిషి ఆమె.

నన్ను నడిపే దేవి నెట్టు పెట్టె ఆపి వేసింది. నన్ను ఆపి వేసింది. సైటు ఆయనకి ఫోన్ చేసింది.

“నాకిక్కడ చక్కగా వస్తోందమ్మా,” అన్నాడాయన. ఫొటో మీరే ఎక్కించండని అడిగేలోపే పెట్టేశాడు, మళ్ళీ ఎత్తలేదు. వాళ్ళెప్పుడూ ఆ మాటే అంటారు.

సంఘం పెద్ద సుభద్ర నా నెత్తిన నిమ్మకాయ పెట్టింది. “దిష్టే. అందరి కళ్ళూ దీని మీదే.”

అసలు సంగతి నేను చెబుతూనే ఉన్నాను, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఎర్ర గుర్తు చూడగానే దేవి మూసేస్తోంది.

నాలుగున్నరకి పల్లాలమ్మ నా ముందు కూర్చుంది. కంటబడ్డ ప్రతిదీ వేలు పెట్టి పైకి చదవడం ఆమెకు అలవాటు.

“నువ్వు చదివేలోపు ఐదు కొట్టేద్ది పల్లాలూ,” అంది సుభద్ర.

ఆమె వేలు తెర కింది మూలకి వచ్చి ఆగింది. “ముప్పై... నాలుగు. ఇది ఏడో నెల కదే దేవీ? ఇక్కడ నాలుగో నెలని ఉందేంటి?”

దేవి నాలిక కరుచుకుంది. “సుభద్రగారే పెట్టించారు పిన్నీ. పొద్దున అల్లికల కొత్త జాబితా మొదలెట్టాం కదా.”

“ఆషాఢంలో మొదలెడతారేంటే? అందుకే అక్షయ తృతీయకి జరిపించాను,” అంది సుభద్ర. “మంచి రోజు పడుద్దని.”

అదీ నా రోగం. ఏ సైటయినా తన గుర్తింపు పత్రం చూపిస్తేనే నేను తెరుస్తాను; ఈ సైటుది జూన్‌లో పుట్టింది. ఏప్రిల్‌లో నిలబడ్డ నేను, ఇంకా పుట్టని పత్రాన్ని ఎలా నమ్మను?

“తేదీ మార్చు దేవీ,” అంది పల్లాలమ్మ.

“అమ్మో, మళ్ళీ ఆషాఢంలోకా?” అంది సుభద్ర.

“ఆషాఢమని మన చేతులు అల్లడం మానాయా వదినా? దీనికొక్కదానికేంటి సెలవు?”

దేవి తేదీ మార్చింది. మరుక్షణం లాగిన్ పేజీ తళుక్కున తెరుచుకుంది. దుప్పటి ఫొటో ఎక్కింది. కింద పేరు తానే కొడతానంది పల్లాలమ్మ. ఒక్కో మీటా వెతికి, ఒంటి వేలితో కొట్టింది. ఐదుకి ఇంకా ఆరు నిమిషాలుంది.

“చూశారా, నిమ్మకాయ పనిచేసింది!” అంది సుభద్ర. పల్లాలమ్మ నవ్వుకుంది, అంతే.

దుప్పటి ఢిల్లీ వెళ్ళింది, పక్కన ఆమె పేరుతో. నా చోటికి కొత్త కంప్యూటర్ వచ్చింది. నేను మూల బల్ల మీద నా లేసు ముసుగులో ఉన్నాను. లేసు కదా, కన్నాల్లోంచి అన్నీ కనిపిస్తాయి. రోజూ పొద్దున్నే పల్లాలమ్మ వస్తుంది. కొత్తదాని కింది మూల వేలు పెట్టి, తేదీ పైకి చదువుతుంది. ఆ తర్వాతే దేవిని కూర్చోనిస్తుంది.