కడలిరాజు79 గారి అడుగుజాడలు

గుక్ సాంగ్‌హ్యోన్ మాస్టారికి సోమవారం నియమం ఒకటుంది. బడికి బయల్దేరేముందు ఫోన్‌లో తన పేరు తనే వెతుక్కుంటారు. ఏమీ దొరకదు. దొరకలేదన్న తృప్తితో సోయాముద్ద పులుసు ఇంకో గరిటె వేయించుకుంటారు. "మిమ్మల్ని ఎవరు వెతుకుతారండీ, పార్సిల్ తెచ్చే ఆయన కూడా మీ పేరు తప్పు పిలుస్తాడు" అని భార్య మిరా పదేళ్లుగా అంటూనే ఉంది. మాస్టారు చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. తాళం విలువ దొంగతనం జరగనివాడికేం తెలుస్తుందని ఆయన ఉద్దేశం.

ఆయన భయం ఉత్తుత్తిదేమీ కాదు. కొరియాలోని ఈ గున్సాన్ ఊళ్లో ఆరో తరగతి పంతులంటే ఇరవయ్యారుగురు తల్లులు పొద్దున్నే చదివే పేపరు. ఒకసారి మెసేజ్ యాప్‌లో తన బొమ్మ ఉండాల్సిన చోట వాన ఫోటో పెట్టారు, బాగుందని. మధ్యాహ్నంలోగా ముగ్గురు ఫోన్ చేశారు. మాస్టారికి మనసు బాగాలేదా, పిల్లలు విసిగించారా, ఆ విసుగంతా లెక్కల పరీక్ష మీద చూపించరు కదా అని. ఆ రోజు నుంచీ ఆయన బొమ్మ బూడిద రంగు గుండ్రమే. తల్లిదండ్రులకో నంబరు, లోకానికో నంబరు. లాప్‌టాప్ కెమెరా కంటికి స్టిక్కరు. బడిలో వ్యక్తిగత సమాచార భద్రత బాధ్యత కూడా ఆయనదే. మిగతావాళ్లంతా మాకొద్దంటే చివరికి ఈయన నెత్తిన పడింది గానీ, ఈయన మాత్రం దాన్ని కిరీటంలా పెట్టుకు తిరిగారు.

ఏటా శరత్కాలంలో ఆయన ఒక పాఠం చెప్తారు. ఇంటర్నెట్‌లో వేసిన అడుగు తడి సిమెంటు మీద వేసిన అడుగని మొదలుపెట్టి, చివర్లో పందెం కడతారు. ఒక్క పీరియడ్‌లో తన గురించి ఒక్క సంగతి పట్టుకుంటే క్లాసంతటికీ వేయించిన కోడి తనే పెట్టిస్తానని. ఆరేళ్లలో ఆయన ఖర్చుతో ఒక్క కోడి కూడా వేగలేదు. ఈ ఏడు పందెం గురువారం మూడో పీరియడ్ అని ముందు శుక్రవారమే బోర్డు మీద రాసేశారు.

ఆ తరవాతి సోమవారం, ఏ గ్రహం బాగాలేకో, పేరుతోపాటు పాత ముద్దుపేరు కూడా కొట్టి చూశారు. ఇరవయ్యెనిమిదేళ్ల వయసులో, దీవిలో పని చేస్తున్నప్పుడు తనకి తను పెట్టుకున్న పేరు: కడలిరాజు79. ఆ పేరుతో తను బ్లాగు రాసుకున్న, ఎప్పుడో మూతపడిన సైటుని ఎవరో కొని మళ్లీ తెరిచారు. తెర నిండా ఒక బొమ్మ. బంగారు రంగు విగ్గు, ఎర్ర లంగా, ఒక కాలు గాల్లో, మొహం నిండా ఆత్మవిశ్వాసం. అది ఆయనే. దీవి బడి వార్షికోత్సవంలో ఆడపిల్లల పాప్ బృందం పాటకి వేసిన డాన్సు అది.

వీడియో మాత్రం నడవడం లేదు. ఖాతా యజమాని లోపలికొస్తే తనకి నడుస్తుందట, అనుమతి నొక్కితేనే అందరికీ కనిపిస్తుందట. గురువారం పగలు పన్నెండులోగా అనుమతి రాకపోతే బొమ్మతో సహా శాశ్వతంగా తీసేస్తారట. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఏమీ చెయ్యకుండా కూర్చుంటే చాలు, పని అయిపోతుంది.

కానీ బొమ్మ కింద ఒక ఉత్తరం ఉంది. రాసింది ఓక్ దాయంగ్. అప్పట్లో ఐదో తరగతి, హాజరు నంబరు ఏడు. ఆ వీడియో తీసింది ఆమె తండ్రి, పీతల పడవ నడిపే ఓక్ గారు. ఆయన పోయి పదకొండేళ్లయింది. కెమెరా, టేపులు అంతకుముందే తుఫాను నీళ్ల పాలయ్యాయి. డాన్సు సాగినంతసేపూ కెమెరా వెనకాల నాన్న నవ్వుతూనే ఉన్నాడనీ, ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదనీ, దయచేసి అనుమతి నొక్కమనీ రాసింది. విద్యాశాఖలో పాత గురువుల జాడ చెప్పే విభాగాన్ని అడిగితే, ఈ మాస్టారు తన వివరాలు ఎవరికీ ఇవ్వొద్దన్నారని చెప్పారట. చివర ఇంకో వాక్యం ఉంది. దాన్ని రెండోసారి చదవకుండానే మాస్టారు ఫోన్ బోర్లించేశారు.

పాస్‌వర్డ్ గుర్తులేదు. గుర్తులేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని ఆయనకి అంతకుముందు తెలియదు. మంగళవారమంతా నిబంధనలు తిరగేసి, పాత ఖాతాల జోలికి వెళ్లకపోవడమే ఉత్తమమన్న ముక్క ఒకటి పట్టుకుని ఊరట పడ్డారు. బుధవారం భార్యకి చెప్పబోయి మానేశారు. చెప్తే ఆమె ఏమంటుందో తెలుసు. ఒక మనిషి నవ్వు పోతుంటే మీ లంగా గురించా మీ ఏడుపు అంటుంది. అందుకే కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిలా గురువారం దాకా లాక్కొచ్చారు.

గురువారం మూడో పీరియడ్. పిల్లలు టాబ్లెట్లు తీశారు. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, మొహం మీద ఏటేటా ఉండే ధీమాని నిలబెట్టడానికి నానా తంటాలు పడుతున్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఎవరికీ ఏమీ దొరకలేదు. కిటికీ పక్కన కూర్చునే తక్ యూరిమ్ మాత్రం టాబ్లెట్ చూడడం మానేసి గోడకేసి చూస్తోంది. గోడ మీద వారం వారం తల్లిదండ్రులకి పంపే నోటీసు ఉంది. దాని అడుగున మాస్టారి ఈమెయిల్ ఉంది.

"మాస్టారూ, ఒకే పేరు రెండు చోట్ల వాడకూడదని మీరే కదా చెప్పారు?"

"చెప్పాను."

"మరి ఈ కడలిరాజు79 ఎవరు?"

పద్దెనిమిదేళ్ల కిందట పెట్టుకున్న పేరుతోనే ఈమెయిల్ తెరిచి, దాన్ని వారానికి ఇరవయ్యారు ఇళ్లకి తనే అచ్చేసి పంపిన భద్రతాధికారి గుక్ మాస్టారు. ఆయన నోరు తెరిచేలోపే బంగారు విగ్గు గోడ మీది పెద్ద తెరకెక్కింది. క్లాసు గొల్లుమంది. వెనక వరస వాళ్లు బల్లలు చరిచారు. కోడి, కోడి అని ఎవరో పాట అందుకున్నారు.

యూరిమ్ మాత్రం కిందికి జరిపి చదువుతోంది. చదువుతూ చదువుతూ గొంతు పైకి తెచ్చింది. ఓక్ దాయంగ్ రాసినదంతా చదివి, మాస్టారు రెండోసారి చూడలేకపోయిన చివరి వాక్యం దగ్గరికొచ్చింది. "నాన్న గొంతు ఎలా ఉండేదో గుర్తురావడం లేదని ఈమధ్య అమ్మ అంటోంది మాస్టారూ."

యూరిమ్ తలెత్తింది.

"పన్నెండింటికి తీసేస్తారట. మీరు ఇది ముందే చూశారా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల కళ్లలోకి చూస్తూ చెప్పాలి, అదే కష్టం. "సోమవారమే చూశాను" అన్నారు మాస్టారు. "సిగ్గేసి ఊరుకున్నాను. తప్పు చేశాను."

గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. ఆయన కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నారు. పాస్‌వర్డ్ మర్చిపోయిన వాళ్లకి సైటు ఒక ప్రశ్న వేస్తుంది, జవాబు ఒకప్పుడు తను ఇచ్చిందే. ఐదు అవకాశాలు. తప్పితే రేపటిదాకా తలుపు మూస్తుంది. ప్రశ్న తెర మీదికొచ్చింది: మీకున్న వాటిలో అన్నిటికన్నా విలువైనది ఏది?

పిల్లలు చూస్తున్నారు కదాని మాస్టారు మొదట 'నా విద్యార్థులు' అని కొట్టారు. తప్పు. క్లాసులో నిట్టూర్పు. 'అమ్మ'. తప్పు. భార్య పేరు కొడదామంటే అప్పటికి ఆమెతో పరిచయమే లేదు. 'నా గిటారు'. తప్పు. 'నా గౌరవం' అని కొడితే, ఎర్ర లంగా బొమ్మ పక్కనే ఆ మాట చూసి ఇద్దరు నవ్వాపుకోలేకపోయారు. అదీ తప్పే. మిగిలింది ఒక్కటి.

యూరిమ్ తన టాబ్లెట్‌లో, బొమ్మ పైన ఆ వార్షికోత్సవం రోజు ఆయన బ్లాగులో రాసుకున్న నాలుగు ముక్కలూ చదువుతోంది. రెండు గంటలు అద్దం ముందు నిలబడి దువ్వుకున్న జుట్టు ఈ దిక్కుమాలిన విగ్గు కింద చితికిపోయిందనీ, తనకున్న ఆస్తి అదొక్కటేననీ రాసుకున్నారు. ఆ పిల్ల చదవడం ఆపి మాస్టారి తల వంక చూసింది. ఎడమ చెవి దగ్గర మొదలై, మైదానం దాటి, కుడి చెవి చేరుకునే పదిహేను వెంట్రుకల వంక చూసింది.

"మాస్టారూ, చెప్పొచ్చా?" అంది, చాలా మర్యాదగా.

"వద్దమ్మా. అర్థమైంది."

'నా జుట్టు' అని కొట్టారు. తలుపు తెరుచుకుంది.

ఆ తరవాత ఐదు నిమిషాలు క్లాసులో ఏం జరిగిందో పక్క క్లాసు టీచరమ్మని అడగాలి, ఆవిడ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది కాబట్టి. మాస్టారు నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి వీడియో నడిపించారు. అనుమతించేముందు చూడాల్సినవి చూశారు. తెరలో ఉన్నది తనే, పిల్లల మొహం ఒక్కటీ లేదు. నిబంధన అడ్డం వస్తుందేమోనని చివరి ఆశ ఒకటి ఉండేది, అదీ పోయింది.

ఎర్ర లంగా గిర్రున తిరిగింది. క్లాసు నవ్వింది. వాళ్ల నవ్వు వెనకనుంచి ఇంకో నవ్వు వచ్చింది. మొదట ముక్కులోంచి, తరవాత గొంతులోంచి, తరవాత పొట్టలోంచి. కెమెరా ఊగింది. పిల్లలు ఒక్కొక్కరే నవ్వడం ఆపి ఆ గొంతు వింటున్నారు. చివర్లో ఆయాసపడుతూ ఆ మనిషి అన్నాడు: "ఒసే దాయంగూ, మీ మాస్టారికి పిచ్చెక్కిందే!"

మాస్టారికి అంతా గుర్తొచ్చింది. వీడియో బ్లాగులో పెట్టాక ఆ నవ్వు విని అప్పట్లో ఆయనకి ఒళ్లు మండింది, బ్లాగు జోలికే మళ్లీ వెళ్లలేదు. పరువు తీశాడని ఓక్ గారితో నెల్లాళ్లు మాట్లాడలేదు. ఆయన పంపిన పీతల బుట్ట రెండుసార్లు వెనక్కి పంపారు. ఆ మనిషి మూడోసారి కూడా పంపాడు. పన్నెండుకి పది నిమిషాలుందనగా మాస్టారు అనుమతి నొక్కారు.

శుక్రవారం కోళ్లు వచ్చాయి. శనివారానికి తల్లులందరికీ వీడియో చేరింది. ఈసారి ఒక్కరూ మాస్టారికి మనసు బాగాలేదా అని అడగలేదు.

సోమవారం పొద్దున్న, పులుసు ముందు కూర్చుని, ఆయన ఎప్పటిలాగే తనని తను వెతుక్కున్నారు. దొరికారు. బొమ్మ కింద దాయంగ్ కొత్తగా రాసింది. నిన్న ఆ వీడియో పెట్టినప్పుడు అమ్మ వంటింట్లో ముల్లంగి కడుగుతోందట. నవ్వు వినబడగానే తడి చేతులతోనే గుమ్మం దాకా వచ్చి, "మీ నాన్నొచ్చాడా? బూట్లు బయట విప్పమను, ఇప్పుడే తుడిచాను" అందట.

మాస్టారు చెంచా కింద పెట్టారు. పులుసు చల్లారిపోతోందని మిరా లోపలినుంచి కేకేసింది. ఆమెని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, సౌండ్ పెంచి, మొదటినుంచి పెట్టారు.