సముద్రం ఊళ్లో లేని వేళ

అయినా ఈ కిటికీ తెరకి ఇంకో మూరెడు గుడ్డ వేసి ఉండాల్సింది, కింద జానెడు సందు మిగిలిపోయింది, అందులోంచి వెలుగు నేలమీద గీతలా పడి మెల్లగా భోజనాల బల్ల వైపు జరుగుతోంది, అది రేబర్న్ గారి బూటు దాకా వస్తే ఆయన కిందకి చూస్తాడు, కిందకి చూసినవాడు పక్కకి చూస్తాడు, పక్కకి చూశాడంటే మా సముద్రం ఊళ్లో లేదని తెలిసిపోతుంది, పొద్దున్న పడవ దిగుతుంటే నా వాకిటి మెట్ల దాకా వచ్చి ఆయన్ని పలకరించిన సముద్రం ఇప్పుడు రెండు మైళ్ల అవతలికి పోయిందని, ఇంత అందమైన రేవూ రోజుకి రెండుసార్లు ఉత్త బురద మైదానమైపోతుందని జెట్టీ కట్టడానికి వచ్చిన కంట్రాక్టరుకి ఎవరు చెప్పాలి, నేను మాత్రం చెప్పను, నా పని వడ్డించడం, మిసెస్ కర్నో, మీరు చెయ్యాల్సిందల్లా ఆయన సంతకం పెట్టేదాకా కళ్లు కంచంలోంచి లేవకుండా చూడ్డమే అని మేజిస్ట్రేట్ ఫెంటన్ గారు నిన్న ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్లారు, ఇదిగో ఆయనే బల్లకి ఆ చివర కూర్చుని, వేడికి మొహం కందిపోయినా కోటు గుండీ ఒక్కటి కూడా విప్పకుండా, ఈ వాయవ్య తీరం మొత్తం వెతికినా మా థార్ప్ ల్యాండింగ్ లాంటి రేవు దొరకదండీ అంటున్నారు, నేను మాంసం పళ్లెం పట్టుకుని నాలో నేనే నవ్వుకుంటున్నాను, భయమో సంబరమో తెలియడం లేదు, సంబరమే అయివుండాలి, భయమైతే ఇలా నవ్వు రాదు.

సంబరం కాక మరేమిటి, జెట్టీకి రెండుసార్లు టెండర్లు పిలిస్తే ఒక్కడూ ఇటు తొంగి చూడలేదు, ఇంత దూరం, ఇంత ఎండ, ఏటేటా తుపాను, ఎవడొస్తాడు, ఈసారి కూడా ఎవరూ సంతకం పెట్టకపోతే జెట్టీ దక్షిణాన ఇంకో అఖాతానికి పోతుందని రాజధాని పెర్త్ నుంచి కబురొచ్చింది, జెట్టీ పోతే ఉన్ని మూటలు పోతాయి, మూటల వెంట దుకాణం, దుకాణం వెంట జనం, మా ఇళ్లన్నీ రేకులూ మరలే కదా, విప్పి ఓడకెత్తుకుపోవచ్చు, నా ఇల్లూ అంతే, మా ఆయన జేబెజ్ నోట్లో మరలు పెట్టుకుని పాట పాడుతూ బిగించిన రేకుల్ని ఎవడో ముక్కూమొహం తెలియనివాడు విప్పుతాడు, నేనేమో ఫ్రీమాంటిల్‌లో అక్క ఇంట్లో వంటగది పక్క గదిలో పడి ఉండి, పాపం విన్నీ, పాపం విన్నీ అని వచ్చిన ప్రతి చుట్టానికీ ఆవిడ చెప్పే నా కథ వింటూ బతకాలి, అమ్మో, అందుకేగా తెల్లారకుండా లేచి గొర్రెపోతు తొడ పొయ్యిలో పెట్టాను, అందుకేగా దాచుకున్న ఎండుద్రాక్షంతా పుడ్డింగులో పోశాను, తినవయ్యా రేబర్న్, తిని సంతకం పెట్టు.

ఇంకొంచెం వెయ్యమంటారా అంటే వెయ్యండమ్మా, గ్లాడ్‌స్టన్ రేవులో రెండేళ్లు ఉప్పు మాంసం తిని నాలుక చచ్చిపోయింది అంటున్నాడు, మంచివాడిలాగే ఉన్నాడు, స్కాట్లాండ్ యాస, చేతులు మాత్రం దొరవి కావు, గోళ్లలో తారు, ఆ పక్కన దుకాణం హాబ్డే, అతని నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటివాణ్ణి పక్కన కూర్చోబెట్టడమే ఫెంటన్ గారి పొరపాటు, పొద్దున్న వంటింట్లోకి వచ్చి పుడ్డింగు మీద వేలు పెట్టి నాకుతూ, విన్నమ్మా, ఇవాళ మనం చేసేవి పెళ్లిచూపులే, కుంటిపిల్లని కూర్చోబెట్టి చూపిస్తాం గానీ నడిపించి చూపిస్తామా, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు అన్నాడు, నేనూ పగలబడి నవ్వాను, సంతకం అయ్యాక తెర తీసినా పరవాలేదుట, తాళి కట్టాక పెళ్లికొడుకు పారిపోలేడుట, మేమంతా ఇంత సంబరంగా ఉంటే మడచెట్ల దగ్గర పీతలు పట్టుకునే, మాకన్నా ముందునుంచీ ఇక్కడే ఉన్న ఈ నేల మనుషులు మాత్రం పొద్దున్న నేను తెర కడుతుంటే నిలబడి చూశారు, వాళ్లలో ఒకామె నా తెరని వేలితో చూపించి ఏదో అంది, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు, సముద్రాన్ని గుడ్డముక్కతో దాచేవాళ్లని చూస్తే ఎవరికి నవ్వు రాదు.

వెలుగు గీత బూటు దగ్గరికొచ్చేసింది, నేను వడ్డించే నెపంతో మధ్యకి వెళ్లి నా గౌను నీడ వేశాను, ఇంత వేడిలో కిటికీ మూశారేంటండీ అని రేబర్న్ అడిగాడు, ఈగలండీ అని ఫెంటన్ గారు, ఎండండీ అని హాబ్డే, ఇద్దరూ ఒకేసారి అనేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, నేను ఎండా ఈగలూ రెండూనండీ అని సర్ది పుడ్డింగు బల్లమీద పెట్టాను, రేబర్న్ నవ్వాడు, చెంచా కింద పెట్టి నక్షా విప్పాడు, అదే ఆ నక్షా, రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు పున్నమి పోటు మీద వచ్చి, పూట గడవకుండానే అదే పోటు మీద వెళ్లిపోయి గీసింది, అందులో నీటి గీత ఒక్కటే ఉంటుంది, నిండు సముద్రం, దాన్ని చూసే రేబర్న్ నీళ్లలో మునిగి పనిచేసేవాళ్లనీ, తేలే పడవ మీద గుంజలు దిగ్గొట్టే యంత్రాన్నీ లెక్కలోకి తీసుకున్నాడు, ఫెంటన్ గారికి ఆ తప్పు తెలుసు, దిద్దలేదు, దిద్దితే ఎవడొస్తాడు అన్నారు, అవును మరి ఎవడొస్తాడు అని ఊరంతా అంది, నేనూ అన్నాను, ఇప్పుడు సిరాబుడ్డి మూత తీశారు, రేబర్న్ కలం ముంచాడు, పెట్టు, పెట్టెయ్యి, ఇల్లు నిలబడుతుంది, రేకులు నిలబడతాయి, అక్క ఉత్తరాలకి నవ్వుతూ జవాబు రాస్తాను, ఇంతలో ఆయన కలం గాల్లో ఆపి, ఒక్కమాటండీ, నా మనుషులు నీళ్లలో దిగి పనిచేస్తారు, పెళ్లాంబిడ్డలున్నవాళ్లు, ఈ సముద్రం ఎలాంటిదండీ అన్నాడు, ఫెంటన్ గారు పెదాలు తుడుచుకుని, సాధువండీ, మా సముద్రం పాలిచ్చే ఆవులాంటిది, మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది అన్నారు.

ఈ మాట నేనెక్కడో విన్నాను, ఇదే గొంతులో, ఇదే మెత్తదనంతో విన్నాను, ఇదే గది, అప్పటికి గోడలు మూడే లేచాయి, నాలుగో వైపు గోనెపట్టా కట్టుకున్నాం, జేబెజ్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, సరుకు పడవ నడపడానికి సీమలోని కార్న్‌వాల్ నుంచి ఏజెంటు పంపిన కొత్త మనిషి, అయ్యా ఇక్కడి పోటు ఎలా వస్తుందండీ అని అడిగాడు, ఆవులాంటిదయ్యా, మెల్లగా వస్తుంది అని ఈ ఫెంటన్ గారే అన్నారు, అప్పుడాయన జుట్టు నల్లగా ఉండేది, జేబెజ్ ఆ రాత్రి నాతో విన్నీ, ఊరు మంచిదే, సముద్రం మంచిదేట అని చెప్పి హాయిగా నిద్రపోయాడు, నమ్మాడు, పెద్దవాళ్లు చెబితే నమ్మేవాడు, మా పోటు ఎదురుగా రాదని ఎవరూ చెప్పలేదు, మడచెట్ల మధ్య వాగులున్నాయి, నీళ్లు ముందు వాటిలో చప్పుడు లేకుండా నిండి, బురదలో నిలబడ్డవాడి వెనకనుంచి చుట్టేస్తాయి, జేబెజ్ బురదలో కూర్చున్న పడవ మీంచి పిండి బస్తాలు బండికెత్తిస్తూ ఎదురుగా సముద్రాన్నే కనిపెట్టి ఉన్నాడట, అది ఇంకా చాలా దూరాన ఉంది కదా అని నిబ్బరంగా ఉన్నాడట, వెనక వాగు నిండిందని తెలిసేసరికి గట్టుకి దారి లేదుట, కార్న్‌వాల్‌లో పుట్టినవాడు, సముద్రమంటే ఎదురుగానే వస్తుందనుకుంటాడు, కొత్తవాళ్లంతా అంతే, పాతవాళ్లు అది చెబితే ఊరికి చెడ్డపేరని చెప్పరు, ఇప్పుడు ఈ బల్ల దగ్గర పెళ్లాంబిడ్డలున్నవాళ్లు అన్న మాట గాల్లో అలాగే ఉంది, కలం కాగితాన్ని తాకబోతోంది, హాబ్డే నాకు కన్ను గీటుతున్నాడు, నా చెయ్యి తెర మీద ఉంది, ఎప్పుడు వెళ్లిందో తెలియదు, లాగేశాను.

కడ్డీతో సహా ఊడొచ్చింది, గదంతా తెల్లటి వెలుగు, అందరం కళ్లు చికిలించాం, బయట మెరుస్తూ బురద, బురద తర్వాత బురద, ఎక్కడో చివర రేబర్న్ వచ్చిన స్టీమరు వేలెడంత, మిసెస్ కర్నో అని ఫెంటన్ గారు లేచారు, అయిపోయింది అని హాబ్డే పుడ్డింగు ముందుకి లాక్కున్నాడు, ఎలాగూ చస్తాంగా, తినైనా చద్దాం అని కాబోలు, నా ఇల్లు పోయింది అని నాలో ఒక గొంతు అంటోంది, ఇంకో గొంతు మాత్రం చిన్నపిల్లలా గెంతులేస్తోంది, చెప్పేశాను, చెప్పేశాను, రేబర్న్ కలం పెట్టేశాడు, నక్షా చుట్టి చేతబట్టుకున్నాడు, టోపీ కూడా పెట్టుకోకుండా వాకిలి దాటి మెట్లు దిగి బురదలోకి నడిచాడు, ఓడకి నడిచే వెళ్లిపోతాడా ఏమిటి, నేను ఆప్రాన్‌తోనే వెనక పరిగెత్తాను, చీలమండ దాకా దిగబడుతోంది, పీతలు కన్నాల్లోకి పారిపోతున్నాయి, ఆయన ఆగాడు, మడమతో గట్టిగా తన్నాడు, ఇంకోచోట తన్నాడు, నక్షా చుట్టతో పొడిచాడు, బెత్తెడు బురద కింద గట్టి ఇసక.

ఇలా ఎంతసేపుంటుందమ్మా అన్నాడు నావైపు తిరక్కుండానే, భోంచేసి ఓ కునుకు తీసి లేచేంతసేపండీ, రోజుకి రెండుసార్లు అన్నాను, ప్రతిరోజూనా, ప్రతిరోజూనండీ, ఒక్కోరోజు ఎక్కువ పోతుంది ఒక్కోరోజు తక్కువ, పోవడం మాత్రం మానదు, ఆయన భుజాలు కదిలాయి, ఏడుస్తున్నాడనుకున్నాను, నవ్వు, రేబర్న్ గారికి నవ్వు ఆగడం లేదు, ఓరి దేవుడా, పొడినేల మీద నిలబడి గుంజలు పాతుకునేచోటికి నేను మునిగేవాళ్లని తెచ్చుకుందామనుకున్నానమ్మా, ఏమయ్యా మేజిస్ట్రేటు గారూ, మీ ఊళ్లో ఉన్న బంగారమంతా గుడ్డకప్పి దాచిపెట్టి, నాకు పుడ్డింగు పెట్టి పంపిద్దామనుకున్నారా అని గట్టు మీద నిలబడ్డ ఫెంటన్ గారికి కేకేశాడు, ఆయన మొదటిసారి కోటు గుండీ విప్పుకున్నారు, మేం ఇన్నాళ్లూ సిగ్గుపడి దాచింది ఈ మనిషికి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టుంది, నాకు ఎగరాలనిపించింది, ఎగిరితే ఈ బురదలో పడతాను, అయినా నేను ఇక్కడ ఎలా నిలబడ్డాను, పదకొండేళ్లుగా ఈ బురదలో కాలు పెట్టలేదు, ఇటువైపు చూడాల్సివస్తే తల తిప్పుకునేదాన్ని, ఇవాళ ఎప్పుడు దిగానో కూడా తెలియదు.

అయితే ఒక్కటుందండీ అన్నాను, చెప్పాను, వాగుల గురించి, వెనకనుంచి రావడం గురించి, జేబెజ్ గురించి, ఎక్కడ దొరికాడో చెయ్యి చాపి చూపించాను, రేబర్న్ నవ్వు ఆపాడు, మడచెట్ల వైపు చాలాసేపు చూశాడు, ఎదురుగా చూసే మనిషికి ఇది కనబడదు కదమ్మా అన్నాడు, కనబడదండీ, మరి నీ వాకిట్లోంచి ఆ వాగు కనబడుతుందా, కనబడుతుందండీ, ఊళ్లో ఇంకెవరికీ అంత బాగా కనబడదు, అయితే నా మనుషులు దిగిన ప్రతిసారీ నువ్వు వాగు మీదే కళ్లు పెట్టి, నీళ్లు కదలగానే గంట కొట్టాలి, ఊరికే కాదు, నా పనివాళ్లలో నువ్వూ ఒకదానివి, ఈ షరతు కాగితంలో రాస్తేనే నా సంతకం, ఏమంటావ్ అన్నాడు, ఆయన మాట పూర్తికాకుండానే సరేనన్నాను, సరే సరే అని రెండుసార్లు అన్నట్టున్నాను, అటు గట్టు మీద హాబ్డే చెంచా ఊపుతున్నాడు, కబురు అప్పుడే అతని దాకా వెళ్లిపోయిందేమో, అతనికేం, ఈపాటికి పెళ్లి కుదిరిందని ఊరంతా చాటుతాడు.

వెనక్కి నడుస్తున్నాం, రేబర్న్ ముందు, నేను వెనక, అడుగడుక్కీ మెడ తిప్పి వాగు చూస్తున్నాను, ఇంకా కదల్లేదు, ఇంకా లేదు, బురద నా చెప్పుల్ని పీల్చుకుంటే వాటిని అక్కడే వదిలేశాను, వేళ్ల మధ్య చల్లగా ఉంది, పదకొండేళ్లుగా ప్రతి పొద్దునా కిటికీ దగ్గర నిలబడి ఈ సముద్రాన్నే తిట్టుకున్నాను, నా మనిషిని మింగావు, నువ్వు నాశనమైపోను అని, అదేం చేసిందిగనక, అది రావాల్సిన దారినే వచ్చింది, పోవాల్సిన వేళకే పోయింది, ఒక్కరోజూ ఎవరికీ ఏదీ దాచలేదు, దాచింది మేం, ఆవులాంటిదని చెప్పింది మేం, ఆ వాగు వైపు చెయ్యి చూపించి, అటు కూడా ఓ చూపు ఉంచు బాబూ అని ఒక్కళ్లు చెప్పి ఉంటే జేబెజ్ చూసేవాడు, చెప్పిన మాట వినే మనిషి.