మళ్ళీ తొక్కకూడని గడప

సుబ్బరావమ్మ పసరు మందుకు ఎంత పేరంటే, ఆదివారం పూట కళ్ళు పచ్చబడ్డ మనిషి బస్సెక్కితే చిలకలూరిపేట కండక్టర్లు ఎక్కడికని అడగకుండానే టిక్కెట్టు చింపేవాళ్ళు. పొద్దు పొడవక ముందే ఆమె వీధరుగు నిండిపోయేది. ఆమె ఎవరితోనూ పలకకుండా దొడ్లోకి పోయి, ఆకు దూసుకొచ్చి, నూరి, మేకపాలల్లో కలిపి, ఒక్కొక్కరినే గడప లోపలికి పిలిచి ఉగ్గుగిన్నెతో తాగించేది. ఆకు పేరు బయటపెడితే మందు చచ్చిపోతుందని అత్తగారు పోతూ పోతూ ఒట్టు వేయించుకుంది. అది నేల ఉసిరని ఊళ్ళో చంటిపిల్లలక్కూడా తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు, అదో మర్యాద.

పైసా పుచ్చుకోకూడదు. తాగినవాళ్ళు ఉప్పూ కారం నూనే మానేసి చప్పిడి కూడు తినాలి. మిరపకాయల గడ్డ మీద పుట్టినవాడికి కారం లేని కూడు పెడితే కామెర్లు కాదు, మనిషే ఊరొదిలి పారిపోతాడు. అయినా ప్రాణభయం కాబట్టి నోరు కట్టుకునేవాళ్ళు.

ఇంతవరకూ ఏ పసరు మందయినా ఇంతే. ఈ మందుకు ఇంకో నియమం ఉంది. మందుకొచ్చినవాళ్ళు ఈ జన్మలో మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. తొక్కితే దిగిన కామెర్లు తిరగబెడతాయి, ఇచ్చినామె చేతిలో మందు కూడా చెడిపోతుంది. తగ్గిందని చెప్పడానిక్కూడా రాకూడదు. వెళ్ళేటప్పుడు 'పోయొస్తా' అనకూడదు.

అత్తగారి కాలంలో ఇంటినిండా మనుషులు కాబట్టి ఈ నియమం ఎవరికీ బరువనిపించలేదు. తర్వాత అత్తగారు పోయింది, భర్త పోయాడు, కడుపు పండలేదు. ఏటేటా ఊళ్ళో ఒకరికో ఇద్దరికో కామెర్లు రావడం, ఈమె మందు పోయడం, వాళ్ళు గడప తొక్కడం మానెయ్యడం. పక్కింటి వెంకాయమ్మ కూడా అట్లాగే దూరమైంది. ఇప్పుడు గోంగూర పచ్చడి గిన్నె పిట్టగోడ మీద పెట్టి, 'వదినా, తీసుకో' అని కేకేసి పోతుంది. ఆదివారం పొద్దున కాసేపు సంత, ఆ తర్వాత వారమంతా రేడియోనే దిక్కు. ఒక్కోరోజు మాట్లాడక మాట్లాడక గొంతు పట్టేసినట్టుండి, గేదెను తిట్టి గొంతు సవరించుకునేది సుబ్బరావమ్మ.

గడప దాటి లోపలికొచ్చే మొగమాటం లేని మనిషి ఊళ్ళో ఒక్కడే, ఆర్.ఎం.పి. డాక్టరు ఆదాం. జలుబుకీ సూదే, తలనొప్పికీ సూదే అతనికి. ఆమె మందు ఏనాడూ తాగలేదు కాబట్టి దర్జాగా వచ్చి, మజ్జిగ అడిగి తాగి మరీ వాదించేవాడు.

"అమ్మగారూ, మీ మందు తాగినోళ్ళకు తగ్గింది, కాదన్ను. చాలామందికి ఊరికే పడుకోబెట్టి మజ్జిగన్నం పెట్టినా తగ్గేదే అది. కానీ కళ్ళు పచ్చబడ్డవన్నీ ఒకటే జబ్బు కాదండీ. ఒళ్ళంతా దురద ఉండి, సున్నంలాగా తెల్లగా దొడ్డికి వస్తే లోపల పైత్యం దిగే దారి మూసుకుపోయినట్టు. అట్టాంటోళ్ళను గుంటూరు పంపించండి. కోస్తేగానీ తగ్గదు."

"నా మందుకు తగ్గలేదని ఎవరైనా తిరిగొచ్చారా? ఒక్కరి పేరు చెప్పు."

"తిరిగి రావద్దని చెప్పేది మీరే గదండీ! ఎట్టా వస్తారు?"

"చాల్లేవయ్యా. నీ సూదులకు గిరాకీ లేకపోతే నా మందు మీద పడతావేం?" అని గ్లాసు లాక్కునేది ఆమె. అతను వెళ్ళిపోయాక, ఇంకాసేపు వాదిస్తే ఏం పోయేదని తనను తానే తిట్టుకునేది.

ఏడాదికి రెండు నెలలు మాత్రం ఆ ఇంట్లో మాటలు వినపడేవి. మాఘమాసంలో దర్శి వైపు మెట్ట ఊళ్ళ నుంచి మిరపకోత ముఠాలు దిగేవి. ఆ ముఠాలో బసవమ్మ ప్రతి ఏడూ సుబ్బరావమ్మ వసారాలోనే పడుకునేది. ఆమెకూ మొగుడు లేడు. పగలు కోత, సాయంత్రం కల్లం నుంచి తెచ్చిన కాయలకు తొడిమలు తీస్తూ ఇద్దరూ ఎదురుబొదురు పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. బసవమ్మది నోరు కాదు, రాట్నం. అన్నం పెడితే మొదటి ముద్దకే మొదలుపెట్టేది.

"అక్కా, పప్పులో కారమే లేదేంది? ఊరందరికీ మందు పోసీ పోసీ నువ్వు కూడా పత్తెం పట్టావా?"

"నోరు మూసుకుని తిను, బోడి ముండా," అనేది సుబ్బరావమ్మ. అంటూనే రెండు ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాల్చి కంచంలో వేసేది.

తెల్లదోమ పడి పత్తి సర్వనాశనమైన ఏడాది, కోతల చివరి రోజుల్లో బసవమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. చేతులు, వీపు ఒకటే గోక్కునేది. అందులో వింతేముంది? మిరప కోసినవాళ్ళకు ఒళ్ళు మంటలూ దురదలూ మామూలే. కల్లంలో ఘాటుకు చంటిపిల్లలు సైతం గోక్కుంటారు. కొబ్బరినూనె రాసి ఊరుకుంది సుబ్బరావమ్మ. ఆదాం చెప్పిన మాట ఆమెకు గుర్తు రాకపోలేదు. 'ఇది కాయ ఘాటు, అది వేరు' అనుకుంది.

మందు సంగతి ఎత్తితే బసవమ్మ అడ్డంగా తలూపింది.

"మందు తాగితే మళ్ళీ ఏడు నీ ఇంటికి రాకూడదు గదక్కా?"

"రాకూడదు."

"అయితే నాకొద్దులే. వచ్చిన రోగం అదే పోద్ది."

"పిచ్చిదానా, ప్రాణం కంటే నా గడప ఎక్కువా?"

"ఏమో అక్కా, నాకైతే ఎక్కువే," అంది బసవమ్మ. నవ్వుతూనే అంది.

ఈ మనిషిని పోగొట్టుకుంటే సుబ్బరావమ్మకు ఆ రెండు నెలలు కూడా ఉండవు. అయినా మనిషి బతకాలి కదా, ఎక్కడో ఒకచోట ఉందనుకుంటే చాలదా? ఆదివారం బలవంతంగా నోరు తెరిపించి తాగించింది. బసవమ్మ గుటక వేసి, కొంగుతో మూతి తుడుచుకుని, మూట నెత్తిన పెట్టుకుని గడప దాటింది. నియమం ప్రకారం పోయొస్తానని అనలేదు. వీధి మలుపు దాకా వెనక్కి కూడా చూడలేదు.

మరుసటి మాఘంలో ముఠా దిగింది. బసవమ్మ లేదు. సుబ్బరావమ్మకు ఒకపక్క ఏడుపు, ఒకపక్క గర్వం. "చూశావా ఆదాం, తగ్గబట్టేగా రాలేదు! మాటంటే మాటే దానికి," అంది. ఆదాం మజ్జిగ తాగి సైకిలెక్కాడు. ఆ రెండు నెలలూ ఆమె ఒక్కతే తొడిమలు తీసింది. రెండో పీట గోడకు ఆనించే ఉంది.

ఆ పైయేడు ఇక ఉండబట్టలేక ముఠా మేస్త్రి రంజాన్‌ను వీధిలోనే ఆపి అడిగింది.

"ఏం రంజానూ, మా బసవమ్మ ఎట్టా ఉంది? కోతలకు ఎవరి ఊరు పోతోంది ఇప్పుడు?"

రంజాన్ తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. "మీకు తెలవదా అమ్మా? ఆ ఏడు ఇంటికొచ్చిన నెలలోనే పోయింది. ఒళ్ళంతా నెత్తురొచ్చేట్టు గోక్కునేది. ఒంగోలు పెద్దాసుపత్రికి మోసుకుపోతే, 'లోపల రాయి అడ్డం పడింది, ముందే తీసుకొస్తే బతికేది' అన్నారు. అంతకు ముందు మీ దగ్గరికి తీసుకుపోదామంటే అదే వొద్దనింది."

"ఎందుకొద్దంది?"

"'నేను తొక్కితే అక్క మందు చెడిపోద్ది, ఊరి జనానికి లేకుండా పోద్ది' అనింది. అంతే."

సుబ్బరావమ్మ ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. తగ్గినవాళ్ళూ రాలేదు, చచ్చినవాళ్ళూ రాలేదు. రానివాళ్ళందరినీ తగ్గినవాళ్ళ లెక్కలోనే వేసుకుంది తను. ఇంకెంతమంది ఉన్నారో! బసవమ్మ చేతుల మీద కొబ్బరినూనె రాసిన వేళ్ళను చూసుకుంటూ కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు.

ఆదివారం రానే వచ్చింది. అరుగు నిండింది. మందు మానేస్తే ఈ నలుగురూ కూడా రారు, ఇల్లు స్మశానమే అవుతుందని ఆమెకు తెలుసు. చేతులు వాటంతట అవే ఆకు నూరాయి. మొదట గడప దాటినవాళ్ళు చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనిచేసే బుడాన్, అతని పెళ్ళాం రహమతున్నీసా. పిల్లకు పాతికేళ్ళుండవు. కూర్చుందో లేదో మోచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా ఆ గోకుడు?" అంది సుబ్బరావమ్మ.

"పత్తి నూగండీ," అన్నాడు బుడాన్. "మిల్లులో అందరికీ ఉండేదే."

"దొడ్డికి తెల్లగా వస్తోందా?"

పిల్ల సిగ్గుపడి తల దించుకుని, అవునన్నట్టు ఊపింది.

ఉగ్గుగిన్నె సుబ్బరావమ్మ చేతిలోనే ఉంది. కాసేపు దానివంక చూసి, లేచి, పసరంతా పెరట్లో బూడిదకుప్ప మీద పారబోసి వచ్చింది.

"నా మందు నీకు పనిచెయ్యదు. ఇప్పుడే బస్సెక్కి గుంటూరు పెద్దాసుపత్రికి పోండి."

"అదేంటమ్మా!" బుడాన్ లేచి నిలబడ్డాడు. "నీ చెయ్యి పడితే చాలని పేటంతా చెబితేనే వచ్చాం. మేమంటే అంత చులకనా?"

"చులకన కాదయ్యా. నా చేత్తో ఇట్టాగే ఒకదాన్ని చంపుకున్నాను. కాయ ఘాటు అనుకున్నాను. నీ పెళ్ళాన్ని బతికించుకో, నీ కాళ్ళు పట్టుకుంటా." అరుగు మీద వాళ్ళంతా వింటున్నారని తెలిసే గట్టిగా అంది. తర్వాత ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "తగ్గాక నా దగ్గరికి రా తల్లీ. వచ్చి కనపడు."

అరుగు మీద కలకలం. "రమ్మంటోందే! మందుకొచ్చినదాన్ని మళ్ళీ గడప తొక్కమంటోంది!" అన్నారెవరో. "ఇంకేం మందు, పోయింది," అన్నారు ఇంకొకరు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని దిగిపోయారు. ఆపై ఆదివారం అరుగు ఖాళీ. వినుకొండ దగ్గర ఇంకెవరో పసరు పోస్తున్నారని జనం అటు మళ్ళారు. వెంకాయమ్మ పచ్చడి గిన్నె కూడా గోడెక్కడం మానేసింది. తన కామెర్లు తిరగబెడతాయేమోనని భయం కాబోలు. ఆదాం మాత్రం వచ్చి మజ్జిగ తాగాడు. గెలిచానని అనలేదు. కావాలని జబ్బుల సంగతి వదిలేసి వానల గురించి మాట్లాడాడు.

బుడాన్ గుంటూరే పోయాడో, వినుకొండే పోయాడో సుబ్బరావమ్మకు తెలియలేదు. బస్సు ఆగిన చప్పుడైతే చాలు, వీధిలోకి తొంగి చూసేది. వానలు వెళ్ళాయి. మిరప తోటలు పూతకొచ్చాయి.

ఒక మధ్యాహ్నం వాకిట్లో ఎవరో నిలబడ్డారు. రహమతున్నీసా. ఒళ్ళు కాస్త తగ్గింది గానీ, కళ్ళు పాలలాగా తెల్లగా ఉన్నాయి.

"నువ్వే రమ్మన్నావు గదమ్మా. కోసి రాయి తీశారు. ఆయన రావద్దన్నా వచ్చా," అంది. గడప ముందు ఆగిపోయి కిందికి చూసింది. "తొక్కొచ్చా?"

"తొక్కు తల్లీ. రెండు కాళ్ళూ పెట్టి తొక్కు."

తగ్గిందని చెప్పడానికి ఆ ఇంట్లోకి ఏ మనిషీ ఏనాడూ రాలేదు. సుబ్బరావమ్మ గోడకు ఆనించిన పీట తీసి, దుమ్ము దులిపి, వాల్చింది. వద్దంటున్నా వినకుండా అన్నం పెట్టి, పప్పు వేసి ఎదురుగా కూర్చుంది. ఆ పిల్ల ఒక ముద్ద తిని, మొగమాటంగా నవ్వింది.

"అమ్మా, పప్పులో కారమే లేదే?"

సుబ్బరావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. గుండె పగిలేట్టు ఏడ్చింది. 'వచ్చి కనపడు' అని దీనికి చెప్పిన ఒక్క మాట బసవమ్మకూ చెప్పి ఉంటే, అదీ వచ్చేదే. ఎన్ని జబ్బులున్నా పడుతూ లేస్తూ వచ్చేదే.

"తప్పుగా అన్నానా అమ్మా?" ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది.

"లేదే. కాయలు కాల్చి తెస్తాను ఉండు," అంటూ కళ్ళు తుడుచుకుని లేచింది సుబ్బరావమ్మ. "పోయేటప్పుడు మాత్రం పోయొస్తానని చెప్పి పో."