జానెడు గుడ్డ

ఏం చూశారో చెప్పండి. ఆసుపత్రి వరండాలో చాప మీద ఉరుకుందమ్మ నొప్పులు పడుతుంటే మీరూ ఆమెను దాటుకునే పోయారు గదా. చెప్పరు. ఆమె మొగుడు రామలింగప్ప కూడా చెప్పలేదు.

రామలింగప్ప రోజూ పొద్దు పొడవకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేవాడు. మధ్యాహ్నం ఇంత సంగటి తిని మళ్ళీ దిగేవాడు. ఆ నేతవీధిలో ఏ ఇంట్లో కాన్పయినా ఆ ఇంటి మగ్గం తనంతట తాను జానెడు గుడ్డ నేసేది. కాన్పు ఎట్లా జరిగితే గుడ్డ అట్లా వచ్చేది. తల్లి దాన్ని కోసి మడిచి ఇస్తే, తండ్రి విప్పి చూడకుండా తీసుకుపోయి మంత్రసానికి ఇవ్వాలి.

అతని చెల్లెలు సుబ్బక్కకు మంత్రసాని మల్లక్క చేతిలో ఇద్దరు బిడ్డలు పోయారు. ఆ భయంతోనే అతను భార్యను మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. ధర్మకాన్పు, పైసా అడగరు. అయితే అదే రోజు శెనక్కాయల వ్యాపారి భార్య వచ్చింది. మంచం ఆమెకు పోయింది. ఉరుకుందమ్మ మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా వరండాలోనే ఉంది. ఆయా సంతోషమ్మ మాత్రం పని మధ్యలో పరుగున వచ్చి నడుము పట్టి పోతుండేది. చివరకు ఆసుపత్రి డాక్టరు దొరసాని వచ్చి పురుడు పోసింది. బిడ్డ బతికింది.

ఇంటికి పోయేటప్పుడు గుమాస్తా ప్రకాశం పుస్తకం తెరిచాడు. "ఎట్లా చూసినారప్పా?"

"శానా బాగా చూసినారు," అని రామలింగప్ప వేలిముద్ర వేశాడు. ఉరుకుందమ్మ బిడ్డ మీది పాతగుడ్డ సర్దుకుంది.

పురుడు వెళ్ళాక ఆమె మగ్గం మీది గుడ్డ కోసి మడిచింది. "నువ్వే పోయి దొరసాని చేతికే ఇచ్చిరా," అంది.

దారిలో మల్లక్క అడ్డం వచ్చింది. "ఏమప్పా, నాకు రావాల్సిన గుడ్డ తెల్లదొరసానికా? దాంతో టోపీ కుట్టించుకుంటాదా ఏమి?"

"పురుడు పోసింది ఆమె గదా మల్లక్కా," అని అతను తల వంచుకుని పోయాడు.

దొరసాని అందరి ముందే గుడ్డ విప్పింది. నడుమ అరచేయంత చిల్లి. దానికి అడ్డంగా ఒకే ఒక్క ఎర్రపోగు. రామలింగప్ప ఇంట్లో ఎర్రనూలే లేదు.

నేతవీధి గుడ్డల సంగతి దొరసాని వినే ఉంది. "ఈ చిల్లి ఏ వేళది?" అని అడిగింది.

కాన్పుకు పుట్టింటికి వచ్చిన సుబ్బక్కకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఇంకా పదిహేను రోజులు. నిజం చెబితే ఆమెకు ఈ గేటు మూసేస్తారేమో.

"నా నూలు మంచిది కాదమ్మా," అన్నాడు. తాతల కాలం నుంచి ఆ ఇంటి నూలును ఎవరూ ఒక్క మాట అనలేదు. మొదటిసారి అన్నది అతనే.

దొరసాని ఎర్రపోగు మీద వేలు పెట్టి వరండా వైపు చూసింది. గుడ్డను తీసుకుపోయి సంతోషమ్మ చేతిలో పెట్టింది. "ఇది నీది," అంది.

మర్నాడు వరండాలో చాపలు చుట్టేశారు. ముందు వచ్చినవాళ్ళకు ముందు మంచం అన్నారు. పదిహేను రోజులకు సుబ్బక్క ఉత్త చేతులతో వచ్చి ఆ మంచం మీద పడుకుంది. సంతోషమ్మ తలాపున కూర్చుంది. ఆడబిడ్డ పుట్టి కేరుమంది. రామలింగప్ప మగ్గం ఒక్క ముడి లేకుండా జానెడు నేసింది.

ప్రకాశం మళ్ళీ పుస్తకం తెరిచాడు.

"శానా బాగా చూసినారప్పా," అన్నాడు రామలింగప్ప.

ఆ పుస్తకంలో రెండు వేలిముద్రలూ ఒకే మాట కింద పక్కపక్కనే ఉన్నాయి. మీ ఇంట్లో మగ్గం కూడా లేదు. మీ ఇంటి ఆడమనిషి పురుడు పోసుకున్న రోజు, ఎట్లా చూశారని అడిగినవాళ్ళకు మీరేం చెప్పారు?