భూలక్ష్మి వేళ్లు

యుద్ధం రోజులు. నూలు దొరకడమే గగనమైన ఆ ఏడు, బల్కంపేట ఎల్లమ్మ బోనాలకని షోలాపూర్ నుంచి రాజనర్సు దిగాడు. వరసకు శివరాములుకు బావ. అక్కడ ఆయనకు సొంత కార్ఖానా ఉంది, జరీ అంచు తలపాగా ఉంది, ఎదుటివాళ్లను మించిన గొంతు ఉంది. అమీర్‌పేటలో శివరాములుకు ఉన్నదల్లా వసారాలో ఒక గుంట మగ్గం.

బోనాలైన మరునాడు పొద్దున రాజనర్సు చాయ్ తాగుతూ మగ్గం వైపు చూశాడు. పాత పడుగు అయిపోయింది. మగ్గం మీద మిగిల్చిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. శివరాములు కూతురు భూలక్ష్మి వేళ్లకు బూడిద అద్దుకుని ఆ పనే చేస్తోంది. ఏడేళ్ల పిల్ల. చూపు పోగుల మీద లేదు, వీధిలో గచ్చకాయలు ఆడుతున్న పిల్లల మీద ఉంది. వేళ్లు మాత్రం వాటి దారిన అవి పోతున్నాయి.

రాజనర్సు చేతిలో సాసరు అలాగే ఉండిపోయింది.

“బామ్మర్ది, గీ పిల్లకు ఎవరు నేర్పిండ్రు?”

“ఎవరు నేర్పుతరు బావా? చూసి చేస్తది.”

“మా కార్ఖానల గడ్డాలు నెరిసినోళ్లు సుత గింత సాఫ్‌గ అతకరు. ఇది నేర్చుకున్న విద్య కాదు, పుట్టుకతోని తెచ్చుకున్నది.”

శివరాములు ముఖం వెలిగిపోయింది. గోడవారన కండెలు చుడుతున్న అతని తల్లి దేవవ్వ చేతిలో రాట్నం ఆగిపోయింది.

ఆ మాట ఆమె ఇదివరకే విన్నది. మానేరు ఏటి దాపున పుట్టింట్లో, ఇంచుమించు ఈ వయసులోనే, తన వేళ్ల గురించి. బంగారు వేళ్లు అన్నారు వచ్చినవాళ్లు. ఆ వేళ్లను చూసే కోడలిగా తీసుకుపోయారు. బండి ఊరు దాటేదాకా తల్లి పక్కన నడిచింది. ఆ తర్వాత తల్లిని చూడలేదు. పోయిందన్న కబురు అందేసరికి కర్మ కూడా అయిపోయింది.

దేవవ్వ భయపడ్డట్టే రాజనర్సు అన్నాడు.

“పిల్లను నాతోని పంపుండ్రి. మా ఇంట్ల బిడ్డ లెక్క ఉంటది. పెద్ద పనోళ్ల కింద కూర్చోబెడ్త. ఈడొచ్చినంక మా పోరనికే చేసుకుంట. రేపే బేగంపేటల రైలెక్కుతున్న.”

“ఎక్కేది నువ్వొక్కనివే, అల్లుడా,” అంది దేవవ్వ.

“అవ్వా, జర ఆగు,” అన్నాడు శివరాములు. “పిల్ల బాగు కోసమే గద.”

దేవవ్వ మనవరాలి వైపు తిరిగింది. “ఏమే, గింత జల్ది ఎందుకు చేస్తున్నవ్?”

“అయిపోతే ఆడుకోనిస్తరు గద, బాపమ్మా!”

లోపల పొయ్యి దగ్గర కోడలు కాంతవ్వ కిసుక్కున నవ్వింది.

“విన్నవా అల్లుడా? గిదీ నీ పుట్టువిద్య! పొద్దుగాల్నుంచి కూర్చోబెడితే కోతి సుత అతుకుతది.”

రాజనర్సు కూడా నవ్వాడు. కానీ వదల్లేదు. “సరే అత్తా, పని చెప్పకుంట ఇడిచిపెట్టు. నిజంగ ఉంటే దానికదే పోగులు పట్టుకుంటది. పట్టకుంటే నేను నోరు మూసుకుంట. పడితే నాతోని పంపాలె.”

దేవవ్వ మళ్లీ రాట్నం తిప్పసాగింది. “అట్లనే బావా,” అని మాటిచ్చాడు శివరాములు.

భూలక్ష్మి వీధిలోకి ఒక్క దూకు దూకింది. పిల్లలంతా పంజాగుట్ట బండల వైపు పరుగెత్తారు. మధ్యాహ్నం గడిచింది. అతకని పోగులు మగ్గం మీద వేలాడుతున్నాయి. దేవవ్వ కండె చుడుతోందన్న మాటే గానీ కళ్లు వాకిట్లోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ పిల్ల వస్తే బాగుండునని ఎదురుచూసేది. ఇవాళ రాకూడదని చూస్తోంది.

పొద్దు వాలకముందే పిల్ల వచ్చింది. కడవలో నీళ్లు ముంచుకుని గటగటా తాగి, నేరుగా మగ్గం కిందికి దూరింది. అక్కడ పడి ఉన్న తెగిన పోగులు ఏరుకుని కూర్చుంది. ఈసారి చూపు వీధిలోకి పోలేదు. నాలుక పెదవుల మధ్య బిగించి, ముడి మీద ముడి వేస్తూ గచ్చకాయలకు ఒక వలసంచి అల్లింది. దారం లాగితే మూతి మూసుకుంటోంది, మరో కొస లాగితే తెరుచుకుంటోంది.

రాజనర్సు దాన్ని అందుకుని మూసి తెరిచాడు, మళ్లీ మూశాడు. ఆయన గొంతు మొదటిసారి చిన్నదయింది.

“చూసినవా అత్తా?”

దేవవ్వ సంచి తీసుకుని వెలుతురుకు పట్టి చూసింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. అలాంటి ముడి ఆమె పుట్టి ఎరగదు.

“ఉన్నది,” అంది. “పిల్లకు విద్య ఉన్నది. కాదంట లేను.”

“మరి పంపుతవా?”

“పంపను.”

“అవ్వా!” అన్నాడు శివరాములు.

“విద్య ఉన్న పిల్లకు తల్లి ఉండొద్దారా? ఉన్నది నిజమైతే పెద్దగయ్యేదాంక ఆగుతది. అంతట్లనే పారిపోయే విద్యైతే పోనియ్యి, దాని ఫికర్ నాకు లేదు.”

“నీ కొడుకు మాటిచ్చిండు అత్తా.”

“ఇచ్చినోన్నే తీస్కపో. మగ్గం మంచిగనే నేస్తడు.”

“బావ ముందట ఇజ్జత్ తీస్తున్నవ్ అవ్వా!”

“తీస్తున్న. ఏం చేస్తవ్?”

కాంతవ్వ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. చుట్టాల ఎదుట ఏనాడూ నోరు విప్పని మనిషి, వచ్చి అత్త పక్కన నిలబడింది. “నా మాట సుత గదే. నా బిడ్డను పంప.”

“పిల్ల బతుకు మన్నుల కలుపుతున్నరు,” అని రాజనర్సు తలపాగా చుట్టుకున్నాడు. ఆ రాత్రికి ఇంకో చుట్టం ఇంట్లో ఉంటానని వెళ్లిపోయాడు. తినిపొమ్మని ఎవరూ అనలేదు. భూలక్ష్మి సంచి తీసుకుని మళ్లీ వీధిలోకి ఉరికింది.

శివరాములు మగ్గం ముందు కూలబడి తానే పోగులు అతకడం మొదలుపెట్టాడు. లావు వేళ్లు. ఒకటి అతికితే పక్కది తెగుతోంది. కాసేపటికి అలవాటుగా కేకేశాడు.

“భూలక్ష్మీ!”

“పిలవకు,” అంది దేవవ్వ.

దీపాలవేళ గడప మీద కూర్చోవద్దని ఇంటిల్లిపాదినీ గదిమేది ఆమే. ఇప్పుడు తనే వెళ్లి గడప మీద కూర్చుని, అడ్డంగా కాళ్లు చాపింది. రేపు రైలు కూత వినపడేదాకా ఆమె గుండె నెమ్మదించదు. ఆ తర్వాత వేరే ఊరివాడు రావచ్చు, వేరే మాట తేవచ్చు. వీధిలో పిల్ల గొంతు వినిపిస్తోంది, ఎవరితోనో ఆట తొండి అని పోట్లాడుతోంది.

“కాళ్లు తీయి అవ్వా, పిల్లను పిలుచుకొస్త,” అన్నాడు శివరాములు వెనక నుంచి.

“తల్లి కాళ్లు దాటిపో, చూస్త,” అంది దేవవ్వ.