ఫిరంగికి ముందు చివరి ట్రామ్

ఉపవాసం ఉన్న ఆడది పొయ్యి మీది సూపులో ఉప్పు చూడొచ్చా? చూడొచ్చట. నాలిక చివర తగిలించి ఉమ్మేయాలట. అదీ మొగుడు కోపిష్టి అయితేనేనట. మా అత్తగారు జొహ్రా ఈ మాట ప్రతి రంజాన్‌లో ఒకసారైనా చెబుతుంది. చెప్పి, "మా రిధా బంగారం, పల్లెత్తు మాటనడు. నీకా వెసులుబాటు లేదమ్మా," అని ముగిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా వాసనతోనే ఉప్పు తేలుస్తున్నాను. ఎక్కువైన రోజున ఆ బంగారం గిన్నె పక్కకు జరిపి కూర్చుంటాడు. నిజమే, పల్లెత్తు మాటనడు.

నేను ట్యూనిస్‌లో ట్రాముల మరమ్మతు చూసే సీనియర్ ఇంజనీరింగ్ మేనేజర్‌ని. నూట ముప్ఫై బండ్లు, రెండు వందల మంది మెకానిక్కులు నా కింద. పెద్ద చదువుతో వచ్చినదాన్ని కాదు. పందొమ్మిదో ఏట లేత్ మిషన్ దగ్గర చేరాను, ఇంజనీర్లు పారేసిన పుస్తకాలు ఇంటికి తెచ్చుకుని చదివాను, పరీక్షలు ఒక్కొక్కటే కట్టాను. ఇంట్లో మాత్రం దీన్నంతా కలిపి "మోనియా ఆఫీసుకెళ్తుంది" అంటారు. పెళ్ళిచూపులప్పుడు మా ఆడబిడ్డ అడిగింది, చేతులకి ఆ గ్రీజు పోతుందా అని. పోతుందని చెప్పాను. అబద్ధం.

ఆ ఏడు రంజాన్ పన్నెండో రోజున డైరెక్టర్ హమ్మాదీ నా బల్ల మీద ఒక ఫైలు పెట్టాడు. పన్నెండు రోజుల్లో తొమ్మిది బండ్లకి చక్రాలు దెబ్బతిన్నాయి. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం తిరగడం ఆగి పట్టా మీద జారుతుంది. జారినచోట ఉక్కు అరిగి చదునుపడుతుంది. ఇక అక్కణ్ణుంచి బండి నడుస్తున్నంతసేపూ దబదబమని కొడుతూనే ఉంటుంది. మళ్ళీ లేత్ మీద గుండ్రంగా చెక్కాల్సిందే. తొమ్మిదింటిలో ఏడు నజ్లా నడిపినవి. మా దగ్గర ఉన్న నలుగురు ఆడ డ్రైవర్లలో నజ్లా ఒకతె. ఆమెని ఉద్యోగం నుంచి తీసేయాలి, దానికి కారణం డ్రైవరు నిర్లక్ష్యమేనని సాంకేతిక నివేదిక మీద నేను సంతకం పెట్టాలి. గురువారం లోపల.

"ఆడవాళ్ళ కాలు బరువు మేడం," అన్నాడు హమ్మాదీ నవ్వుతూ. "ఇంకో ఆడమనిషి సంతకం పెడితే మనల్ని ఎవరూ ఏమీ అనరు."

కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దానికన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. నజ్లా పద్నాలుగేళ్ళుగా నడుపుతోంది. ఇన్నేళ్ళలో ఆమె బండి చక్రానికి ఒక్క మచ్చ లేదు. అలాంటి కాలు పన్నెండు రోజుల్లో ఎలా బరువెక్కింది? మిగిలిన రెండు మచ్చల సంగతేమిటి? రిజిస్టరు తిరగేశాను. ఆ రెండూ నజ్లా సెలవులో ఉన్న రెండు రోజుల్లో పడ్డాయి. ఆమె బదులు మొఖ్తార్ నడిపాడు. కారణం అన్నచోట "వాన" అని రాసి ఉంది. నాకు తెలిసి ఆ వారమంతా మేఘం కూడా పట్టలేదు. ఇంకొకటి కూడా కనిపించింది. తొమ్మిదీ రోజూ ఉండే ఒకే ట్రిప్పులో పడ్డాయి. సూర్యాస్తమయాన ఉపవాసం విడవమని ఫిరంగి పేలే ముందు డిపోకి తిరిగొచ్చే చివరి ట్రామ్‌లో. మరి పోయినేడు ఇదే ట్రామ్‌కి ఒక్కటీ ఎందుకు పడలేదు?

నజ్లాని పిలిపించాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆ చివరి ట్రిప్పు రోజూ నీకే ఎందుకు పడుతుందని అడిగాను.

"మగాళ్ళు ఇఫ్తార్‌కి బల్ల దగ్గరుండాలి కదా మేడం. మేమైతే ఎలాగూ వంటింట్లో నిలబడే తింటామని మాకిచ్చారు. మా నలుగురిలో డిపోకి దగ్గర ఇల్లు నాది."

మరి తొందరపడ్డావా? పడ్డానంది. అబద్ధమాడలేదు, అది నాకు నచ్చింది. ఫిరంగి పేలేసరికి ఇంట్లో లేకపోతే ఆమె మొగుడు తలుపు గడియ పెడతాడట, వీధంతా వినేలా. ఇవాళ్టి పట్టికలోలా ఆరూ ఐదుకి అటు చివర బయల్దేరితే డిపోకి ముప్ఫై ఆరు నిమిషాలు. డిపో వెనకే ఇల్లు. పోయినేడు డిపోలో బండి పెట్టి, ఇంటికి నడిచి, కొంగు సర్దుకునే టైం కూడా మిగిలేది. ఈ ఏడు చాలడం లేదు. పైగా ఆ వేళకి రోడ్డు మీద కార్లన్నీ వెర్రెత్తినట్టు అడ్డంపడతాయి, ఎన్నిసార్లు బ్రేకు తొక్కినా చాలదు.

"రోడ్డదే, బండదే, నేనూ అదే మనిషిని. చాలడం లేదని ఆఫీసులో చెప్పాను కూడా. ఉపవాసంతో తల తిరుగుతోందా అమ్మా అన్నారు."

ఆమె వెళ్ళిపోయింది గానీ ఆ మాట నన్ను వదల్లేదు. రోడ్డదే, బండదే, మనిషీ అదే. మరి మారిందేమిటి? ఆ సాయంత్రం బ్రిక్‌లు మడుస్తున్నాను. పల్చటి రేకులో గుడ్డు కొట్టి, మడిచి, ఫిరంగికి సరిగ్గా మూడు నిమిషాల ముందు నూనెలో వేయాలి. ముందు వేస్తే మెత్తబడతాయి, తర్వాత వేస్తే బంగారం ఎదురుచూడాలి. టైం కోసం ఫ్రిజ్ మీద బేకరీవాళ్ళిచ్చిన రంజాన్ కాలెండరు చూశాను. పన్నెండో రోజు, సూర్యాస్తమయం ఆరూ యాభై. నూనె ఇంకా పెట్టక్కర్లేదనుకున్నాను. వెనకనుంచి అత్తగారు, "అది పోయినేటిదమ్మా. పొద్దున దుమ్ము దులిపి పెట్టేప్పుడు పైకొచ్చినట్టుంది, ఈ ఏటిది దాని కింద ఉంది. దేవుడి పేరున్న కాగితం పారేయకూడదని అలాగే ఉంచాను," అంది. పైది ఎత్తి కిందది చూశాను. పన్నెండో రోజు, ఆరూ నలభై.

గబగబా నూనె పెట్టి వేసిన బ్రిక్‌లు మాడిపోయాయి. నేను ఆ రెండు కాగితాలూ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రంజాన్ ప్రతి ఏడూ పదకొండు రోజులు ముందే వస్తుంది. వసంతంలో పదకొండు రోజులు వెనక్కి వెళితే సూర్యుడు పది నిమిషాల ముందే మునుగుతాడు. మా టైంటేబుల్ ఆఫీసు పోయినేటి పట్టికలో తారీఖులు మార్చి, గంటలు మార్చకుండా దించేసింది. కాబట్టి ఇవాళ ట్రామ్ ఆరూ నలభై ఒకటికి డిపో చేరాలని రాసి ఉంది, ఫిరంగేమో ఆరూ నలభైకే పేలుతోంది. ఇది పన్నెండు రోజులుగా ఎవరికీ ఎందుకు తెలియలేదో కూడా నాకు అర్థమైంది. టైంటేబుల్ ఆఫీసు మగవాళ్ళు మూడింటికే ఇల్లు చేరతారు. వాళ్ళకి ఫిరంగి అంటే చెవిన పడే మోత, అంతే. దాన్ని నిమిషాల్లో లెక్కపెట్టేది నూనె ముందు నిలబడ్డది, బ్రేకు మీద కాలుపెట్టినది.

మర్నాడు ఆ టైంటేబుల్ అసలు కాగితం తీయించాను. కింద నాలుగు సంతకాలున్నాయి. మూడోది నాది.

తారీఖు చూస్తే గుర్తొచ్చింది. ఆ రోజు కైరవాన్ నుంచి అత్తగారి చుట్టాలు పదకొండు మంది దిగారు. మధ్యాహ్నమే ఇంటికి రమ్మని రిధా మూడుసార్లు ఫోన్ చేశాడు. నలభై కాగితాలు నిలబడే సంతకం చేసి పరిగెత్తాను. నేను చదివి ఉంటే పట్టుకునేదాన్ని. ఈ సంగతిని ఎటు తిప్పి చూసినా నా తప్పు తప్పుగానే ఉంది. వంట చేయాల్సి వచ్చిందన్న మాట నజ్లా ఉద్యోగం ముందు ఏ మూలకి?

హమ్మాదీకి చూపించాను. చాలాసేపు చదివాడు. తర్వాత తలుపు వేసి, ఇంకో పదిహేడు రోజుల్లో రంజాన్ అయిపోతుంది, ఎవరూ పట్టించుకోరు, డ్రైవర్ల పేరు మీద పోనీయండి అన్నాడు. కాగితం నా వైపు జరుపుతూ నా సంతకం మీద వేలు పెట్టి, "మునిగితే మీరూ మునుగుతారు మేడం," అన్నాడు, గొంతు పెంచకుండా.

ఇంట్లో రిధాకి చెప్పాను. ఎవరికైనా చెప్పుకోవాలి కదా. అతను టీవీ గొంతు తగ్గించాడు గానీ కళ్ళు తిప్పలేదు. ఆమె నీ అక్కా చెల్లా, ఇంతదూరం వచ్చిన ఉద్యోగం ఒక డ్రైవరు కోసం పోగొట్టుకుంటావా, అన్నాడు. ఆ తర్వాత అన్న మాట మాత్రం నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఏం చేసినా ఆరింటికల్లా ఇంట్లో ఉండి చెయ్."

గురువారం ఆరింటికి నేను ట్రామ్‌లైను చివరి స్టేషన్లో ఉన్నాను. డ్రైవరు గదిలోకి ఎక్కి నజ్లా వెనక నిలబడ్డాను. రాసిన వేగంతో నడుపు, ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువ వద్దు అన్నాను. తలుపు గడియ పెడతాడు మేడం అంది. నేనొచ్చి తలుపు కొడతాను అన్నాను.

నిజం చెప్పాలంటే నజ్లా కోసం మాత్రమే ఎక్కలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ వేళప్పుడు ఈ నగరం ఎలా ఉంటుందో నేను చూడలేదు. పెట్టెలో పన్నెండు మంది ఉన్నారు, పదిమంది ఆడవాళ్ళే. ఆసుపత్రి తుడిచేవాళ్ళు, పెద్దిళ్ళలో వంట ముగించి ఇప్పుడు సొంతింటి వంటకి పోతున్నవాళ్ళు. ఈ బండిని పది నిమిషాలు ముందుకి జరిపితే వీళ్ళందరికీ అందదని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. ఆఫీసులో కూర్చుని ఉంటే సరిగ్గా అదే చేసేదాన్ని, గొప్పగా సరిచేశాననుకునేదాన్ని. ఒకావిడ అద్దం మీద తట్టి, "ఏంటమ్మా, పెళ్ళి ఊరేగింపా? కానివ్వు," అంది. నజ్లా భుజం బిగుసుకుంది, కాలు మాత్రం కదల్లేదు. కార్లు అడ్డంపడుతున్నాయి. ఆమె మెల్లగా, మెత్తగా ఆపుతోంది. ఎంత అందంగా నడుపుతుందో అప్పుడే చూశాను.

ఫిరంగి పేలింది. వంతెన మీద ఉన్నాం. రోడ్లు ఎవరో తుడిచేసినట్టు ఖాళీ అయ్యాయి. ఇందాక తిట్టినావిడే తలుపు తీసి మా ఇద్దరి చేతుల్లో రెండేసి ఖర్జూరాలు పెట్టింది. నా ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు.

డిపోలో దీపం పట్టుకుని బండి కిందికి దూరాను. ఎనిమిది చక్రాలూ గుండ్రంగా ఉన్నాయి. మెట్టు మీదే కూర్చుని నివేదిక రాశాను. చివరి ట్రామ్ అదే వేళకి నడవాలి, అంతే వేగంతో నడవాలి, డ్రైవరు దారిలోనే ఉపవాసం విడవాలి, డ్యూటీ మగవాళ్ళతో సహా అందరికీ వంతులవారీగా పడాలి. బాధ్యులు అన్న గడిలో ముందు నా పేరు రాశాను, దాని కింద మిగిలిన ముగ్గురివీ. నజ్లా తొంగి చూసి, మీ ఉద్యోగం పోతుంది మేడం అంది. పోవచ్చు అన్నాను. ఆమె వెలుగు సరిగ్గా పడేలా దీపం ఎత్తి పట్టుకుంది.

ఆమె ఇంటి వైపు ఇద్దరం లేస్తుంటే ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి తీశాను.

"ఎక్కడున్నావ్? అమ్మ సూపు ముందు కూర్చుని ఉంది. ఎప్పుడొస్తావ్?"

"మీరు వడ్డించుకోండి," అన్నాను. "రంజాన్ నెలాఖరు దాకా చివరి ట్రామ్‌లో నేనుంటాను."