పసిదాని పక్కటెముక

యాదవ్వ ఓ పాత దవడ ఎముక ముక్కను ఎడమ అరచేతిలో పెట్టుకుని, పళ్లు తోమే బ్రష్షుతో మట్టి విదిలిస్తోంది. నీళ్లు వాడకూడదు. ఉత్త చేయి తగలకూడదు. రబ్బరు తొడుగుల్లో ఆమె వేళ్లు చెమటకు నాని ముడతలు పడ్డాయి. మంథని దాటాక గోదావరి ఒడ్డున వేసిన రేకుల షెడ్డు అది. తవ్వకాల్లో దొరికిన ఏనాటివో మనుషుల ఎముకలను మూడేళ్లుగా ఆమే శుభ్రం చేస్తోంది. వాటిలో నాట్లు వేసి వంగిన నడుము ఏదో చూడగానే గుర్తుపడుతుంది. ఆమెదీ అలాంటి నడుమే.

"యాదవ్వా, గా పక్కటెముక జర పైలం," అంది పరిశోధన చేస్తున్న భవ్యశ్రీ. "పసిదాంది. గదొక్కటే దొరికింది. నా నాలుగేండ్ల పని దాని మీదనే ఉంది."

"జొన్న తిన్నదా, వరి తిన్నదా చూస్తవా బిడ్డా?"

"ఇంకా పండ్లే రాలే, ఏం తింటది? తల్లిపాలు తాగిందా లేదా చూస్త. పొడి తీసి పరీక్ష చేస్తే తెలుస్తది."

బ్రష్షు ఆగింది. "పాలు రాలేదనుకో. గది సుత రాస్తవా?"

"ఉన్నది ఉన్నట్టే రాస్త అవ్వా."

ముప్పై ఐదేళ్ల కింద యాదవ్వ తొలిచూలు బిడ్డ ఇరవై రెండో రోజున పోయింది. ఆ ఏడు పొలం ఎండింది. బాలింతకు జొన్న గట్క కూడా కడుపు నిండా లేదు. పాలు పడలేదు. గుడ్డపీలికను గంజిలో ముంచి బిడ్డ నోట్లో పెట్టింది. బిడ్డ కడుపు ఎండబెట్టి చంపిందని అత్త బతికినన్నాళ్లూ నలుగురిలో అంది. మళ్లీ కాన్పు రాలేదు.

మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయారు. చాయ్ కోసం తెచ్చిన పాలను యాదవ్వ తన స్టీలు గ్లాసులోకి వంచుకుంది. వేలెడంత లేని ఆ ఎముక మీద కొద్దికొద్దిగా పోసింది. ఎముక పీల్చుకుంది. ఇంకొంచెం పోసింది.

భవ్యశ్రీ వచ్చి వాసన చూసింది. "ఏం పోసినవ్?"

"పాలు. ఇగ తాగిందనే వస్తది గద బిడ్డా. ఆ తల్లిని ఎవ్వలేమనరు."

భవ్యశ్రీ బోర్లించిన తట్ట మీద కూలబడింది. "ఇగ ఏం తెల్వదవ్వా," అంది. "తాగిందని రాదు, తాగలేదని రాదు."

కూలీలను చూసే సదానందం కేకలు వేయలేదు. "రేపటి సంది రాకు యాదక్కా," అన్నాడు.

ఆమె తొడుగులు విప్పి తీగ మీద ఆరేసింది. కొంగుతో చేతులు తుడుచుకుని బస్సు రోడ్డు వైపు నడిచింది.

బల్ల మీద, యాదవ్వ అని పేరు చెక్కిన గ్లాసు అడుగున పాలు మీగడ కట్టి ఉన్నాయి. చీమల బారు గ్లాసులోంచి దిగి, ఆ చిన్న ఎముక దాకా పోతోంది.